అంచు మీది పేరు

మా దిక్కు వయసులో చనిపోయినవాళ్ళకు వెండి బిళ్ల చేయిస్తారు. అవుసులాయన వెండి రేకు మీద మనిషి బొమ్మ కొట్టి, కొండి పెట్టి ఇస్తాడు. దాన్ని దారానికి గుచ్చి ఇంట్లో ఒకరు మెడలో వేసుకుంటారు. ఆ బిళ్లనే మేము పేరు అంటాము. ఫలానా ఆమె మామ పేరు వేసుకున్నది అంటే మామనే మెడలో పెట్టుకున్నట్టు. దానికి పసుపు పూయాలి, పండగకు బువ్వ చూపించాలి. మరిస్తే ఇంట్లో అందరికంటే చిన్నవాళ్ళను పట్టుకుంటుందని పెద్దలు చెప్పేవారు. నాకు సంతకం వరకే వచ్చు. నేను చెబుతుంటే మా అన్న బిడ్డ రాస్తున్నది.

మా ఆయనకు పేరు అంటే వేరే. ఆయన జనగామ పత్తి మార్కెట్‌లో కాంటా వేసేవాడు. సెలవు దొరికితే బస్సెక్కి మానుకోట తండాలకో, భూపాలపల్లి అవతలి ఊళ్ళకో పోయి పాత లడాయి మెడల్స్ వెతికేవాడు. ఎప్పుడో తెల్లోళ్ళ లడాయిలో తుపాకీ పట్టినవాళ్ళకు, వాళ్ళ గుర్రాలు చూసుకోవడానికి పోయినవాళ్ళకు ఇచ్చిన బిళ్లలవి. తండాలో ఆడవాళ్ళ రవికెల మీద పాత రూపాయల నడుమ కుట్టి కనిపించేవట. తాగేవాడికి కల్లు ఎట్లనో ఆయనకు అవి అట్ల.

"ముఖం చూస్తె ఏమొస్తది? అందరికీ ఒక్కటే రాజు ముఖం. అంచు చూడాలె. అంచు మీద పేరు ఉంటెనే గది మెడల్. లేకుంటే ఉత్త ఎండి" అనేవాడు.

మధ్యాహ్నం వాకిట్లో వెలుగుకు కూర్చుని, అద్దం పెట్టి అంచు తిప్పుతూ చదివేవాడు. నేను బియ్యం ఏరుకుంటూ వినేదాన్ని. ఒకరి పేరు అరగదీసి ఇంకొకరి పేరు కొట్టిన బిళ్ల అంచు దగ్గర పలచబడుతుందట. అసలు దాన్ని అచ్చులో పెట్టి పోసిన నకలు వెంట్రుకవాసి చిన్నగా వస్తుందట, చల్లారేటప్పుడు వెండి ముడుచుకుంటుంది కాబట్టి. బండ మీద వేస్తే అసలుది గంటలా సాగి మోగుతుంది. నకలు టక్కుమని ఊరుకుంటుంది. ఇవన్నీ నేను అడగలేదు. ఆయనకు మాట్లాడుతూ పని చేసే అలవాటు.

ఆ బిళ్లల్లో ఒక రకం నాకు అస్సలు నచ్చేది కాదు. ఒక వైపు రాజు తల. రెండో వైపు గుర్రం మీద బట్టలు లేని మగమనిషి. గుర్రం కాళ్ళ దగ్గర మనిషి పుర్రె, రెండు ఎముకలు. అట్లాంటివి మా అల్మారిలో చాలా ఉండేవి. ఇంతమంది మగవాళ్ళు నా ఇంట్లో ఉన్నారు, ఒక్కరి ముఖం కూడా తెలియదు అనిపించేది. అల్మారి ముందు నుంచి పోతే నాకు తెలియకుండానే కొంగు సర్దుకునేదాన్ని.

"ఏందయ్యా, సచ్చినోళ్ళను గట్ల గొంతెత్తి పిలుస్తవ్? లేసొస్తె బువ్వ ఎవలు పెట్టాలె?" అన్నాను ఒకసారి.

"రానియ్. బిళ్ల నీదేనా అని అడుగుత. ఔనంటే నా పని అల్కగయితది."

భూపాలపల్లి అవతల ఒక ఊరిలో ఆయనకు అట్లాంటి బిళ్లే ఒకటి కనిపించింది. ఆ ఇంటి తాత లడాయికి పోయి తిరిగి రాలేదు. శవం రాలేదు, బిళ్ల వచ్చింది. గుర్రం మీద మనిషి, కింద పుర్రె. సచ్చి వీరుడైన మా తాత బొమ్మే సర్కారు కొట్టించి పంపిందనుకున్నారు వాళ్ళు. వేరే బొమ్మ చేయించకుండా దాన్నే పేరుగా కట్టుకున్నారు. దాన్ని వేసుకున్న ముసలామె పోయి నెల కూడా కాలేదు. ఇంకా ఎవరూ మెడలో వేసుకోలేదు. పరీక్ష చేసి తెచ్చిస్తానని మా ఆయన బతిమాలితే కోడలు ఒక బట్టలో చుట్టి ఇచ్చింది.

ఆయన తెచ్చి, పసుపంతా కడిగి, అంచు చదివాడు. అల్మారి తీసి ఇంకో బిళ్ల పట్టుకొచ్చాడు. అది మానుకోట దిక్కున ఎప్పుడో దొరికింది. రెండూ పక్కపక్కన పెట్టి చదివాడు. రెండింటి మీదా ఒకే నంబరు, ఒకే పేరు.

"ఒక్క మనిషికి రెండు రావు. ఒకటి అసలు, ఒకటి పోత" అన్నాడు. ఆ పేరును రెండుసార్లు గట్టిగా చదివాడు. అట్ల నా చెవిలో పడి ఉండిపోయింది.

తెల్లారి ఆయనకు జ్వరం వచ్చింది. దవాఖానలో చేర్చాము. ఇంటికి తెచ్చింది మనిషిని కాదు.

పదోనాడు అయ్యాక చుట్టాలు అల్మారి తీసి అన్నీ చూశారు. ఆ బట్ట ముడి విప్పారు. రెండు బిళ్లలూ కలిసిపోయాయి. ఏది ఎవరిదో చెప్పే మనిషి లేడు.

తరువాత ఒక మధ్యాహ్నం ఆ కోడలు మా వాకిట్లోకి వచ్చింది. పక్కన ఐదేళ్ల పిల్ల. ఆమె మనుమరాలు. నన్ను చూసి, నా నుదురు చూసి, అడగాల్సింది మింగింది.

"తెల్వదక్కా. తెలిస్తె ఉత్త చేతుల రాకపోదును" అన్నది. కూర్చున్నాక చెప్పింది. "మా పేరు నాకియ్యి. అది ఇంట్లకెంచి పోయిన సంది పిల్ల మాట్లాడుతలేదు. పిలిస్తె పలుకది. హన్మకొండ దవాఖానల చూపెట్టినం. గొంతుల ఏం లేదన్నరు, చెవుల ఏం లేదన్నరు. తాతను పరాయి ఇంట్ల పెట్టొస్తె గిట్లనే అయితదని మా ఊరంత నన్నే తిడుతున్నరు."

పిల్ల గడప దగ్గర కూర్చుంది. ఆమె పేరు పెట్టి పిలిచింది. నేనూ పిలిచాను. పిల్ల మా దిక్కు చూసింది, ఎవరినో పిలుస్తున్నారని చూసినట్టు.

నేను రెండు బిళ్లలూ తెచ్చి ఆమె ముందు పెట్టాను.

"గీ రెండిట్ల మీ బిళ్ల ఏది చెల్లె?"

ఆమె ముఖం తెల్లబోయింది. "మాది పచ్చగ ఉండె. పసుపు..."

"కడిగిండు. అంచు చదువుదామని."

"కడిగిండా? మీ ఆయన మా తాతకు తానం పోసిండా? ఇగ పెండ్లి గూడ చెయ్యకపోయిండా!" అని కసిరింది. వెంటనే చనిపోయిన మనిషిని అన్నానని నాలుక కరుచుకుంది. "నాకెట్ల తెలుస్తది అక్కా? అత్త మెడల ఉన్నన్ని దినాలు నన్ను ముట్టనియ్యలే."

 తప్పు బిళ్ల ఇస్తే పిల్ల అట్లనే ఉండిపోతుంది. రెండూ ఇస్తే? ఆమె ఒప్పుకోలేదు. ఎవరివో తెలియని పెద్దలను ఇంటికి తీసుకుపోతే వాళ్ళు ఇంకేం అడుగుతారో అన్నది. అదీ నిజమే.

మా ఆయన చేసినట్టే చేశాను. ఒకదాని మీద ఒకటి పెట్టి అంచు చుట్టూ గోరు తిప్పాను. ఒకటి గోటికి తగిలింది, వెంట్రుకంత పెద్దది. షాబాద్ బండ మీద వేశాను. పెద్దది సాగి మోగింది. చిన్నది టక్కుమన్నది. దాని మీద పుర్రె కళ్ళు కూడా పూడుకుపోయి ఉన్నాయి.

"గిది అసలు. గిది పోత" అన్నాను.

"అయితే అసలుదే మాది. పోయింది మా తాతే గద" అన్నది ఆమె. నాకూ అట్లనే అనిపించింది. పెద్ద బిళ్లకు దారం గుచ్చి పిల్ల మెడలో వేసింది. పేరు పెట్టి పిలిచింది. పిల్ల పలకలేదు. కొద్దిసేపయ్యాక దారం తల మీదుగా తానే తీసి, కింద పెట్టింది.

ఆమె ఏడుపు ఆపుకుంటూ, "అంచు మీద ఏం రాసుందక్కా? తాత అనుటే గని ఆయన పేరు మా ఇంట్ల ఎవలకు ఎర్కలేదు" అని అడిగింది.

నాకు చదువు రాదు. కానీ విన్న మాట ఉంది. రెండు బిళ్లలూ చేతిలో పట్టుకుని, వాటినే చూస్తూ, ఆ పేరు పైకి అన్నాను.

"ఆఁ" అని వినిపించింది.

దూరం నుంచి నడిచి వచ్చి, అలిసి, పొడిగొంతుతో పలికినట్టు. ఎండవేళ. వాకిట్లో మేము తప్ప ఎవరూ లేరు. నేను తల ఎత్తేసరికి పిల్ల నోరు మూసుకునే ఉంది.

"పలికింది! పిల్ల పలికింది!" అని ఆమె పిల్లను పట్టుకుంది. పిల్ల విడిపించుకుని వచ్చి నా చేతిలోంచి చిన్నదాన్ని, ఆ పోత బిళ్లను, తీసుకుని పిడికిలి మూసింది.

అప్పుడు గుర్తుచేసుకున్నది ఆమె. తాత కొడుకులిద్దరూ వేరు పడ్డారట. పెద్దవాడు మానుకోట దిక్కు పోయాడట. "ఒక్క తాతను ఇద్దరు ఎట్ల పంచుకుంటరు? గందుకే అవుసులాయనతోని ఇంకోటి పోయించుకున్నరేమో, మా అత్త ఏనాడు చెప్పకపాయె" అన్నది. పెద్దవాడు అసలుది పట్టుకుపోతే వీళ్ళకు పోత బిళ్లే పేరయింది. మా ఆయన ఉంటే ఆ బిళ్లను నకలని పక్కకు నెట్టేవాడు.

వాళ్ళు సాయంత్రం బస్సుకు పోయారు. అసలుది నా దగ్గర మిగిలింది. ఎవరైనా అడిగితే ఇవ్వడం లేదు. పసుపు పూసి పెట్టాను, భయం కొద్దీ.

కొన్నాళ్లకు ఫోన్ వచ్చింది. ఆమే.

"అక్కా, బిళ్ల మెడల ఉన్నది. బువ్వ తింటున్నది, నవ్వుతున్నది. కని పిలిస్తె ఇంక పలుకుతలేదు. మీ ఇంట్ల పలికింది గద. గప్పుడు నువ్వు పిలిచిన పేరు గా సంబురంల నాకు యాదిలేదు, చెప్పు. గది పెట్టి పిలుస్తం. పలుకుతె సాలు నాకు."

పేరు నా నాలుక మీదికి వచ్చింది. పళ్ళు బిగబట్టాను.

"చెప్ప. నువ్వు తిట్టినా చెప్ప" అన్నాను. "గా పేరుతోని పలికితె ఇగ మీ పిల్లకు గదే పేరయితది. పిల్ల పేరు పెట్టే పిలువు. పలికేదాక పిలువు. నేను ఫోన్ పెట్టెయ్య."

ఆమె నన్ను నానా మాటలన్నది. రాతిగుండె అన్నది. తరువాత పిలవడం మొదలుపెట్టింది. ఇంకో ఆడమనిషి గొంతు కలిసింది, పిల్ల తల్లి కావచ్చు. పిల్ల పేరు ఒక్కటే, మళ్ళీ మళ్ళీ. కోడి అరిచింది. ఎవరో గిన్నె పడేశారు. నా చెవి వేడెక్కిపోయింది. నేనూ ఇక్కడి నుంచి లోలోపల పిలుస్తూనే ఉన్నాను.

"ఆఁ... ఏందే?" అన్నది ఒక గొంతు. సన్నగా, ముద్దుగా, విసుగ్గా.

అక్కడ ఏడుపులు, నవ్వులు. "ఇన్నవా అక్కా? ఇన్నవా?" అని ఆమె అడుగుతూనే ఉంది.

విన్నాను. పిల్ల గొంతే అది. నేను ఆ గొంతు అంతకుముందు ఎన్నడూ వినలేదు.