అక్క ఉతికి ఇచ్చిన ఎర్ర చొక్కా

పోయిన నెలలో మా ఆడపడుచుని గన్నవరంలో విమానం ఎక్కించి తిరిగి వస్తుంటే, ఊరు దాటకముందే పోలీసులు కారు ఆపేశారు. ఎవరో మంత్రిగారు వస్తున్నారు కాబోలు, ఇక అరగంట ఇక్కడే అనుకుని విసుక్కుంటూ అద్దం దించాను. మంత్రిగారు రాలేదు. ముందు ఒక మోటారు సైకిలు, దాని వెనక పాతిక ముప్పైమంది ఆడపిల్లలు, తలలు వంచుకుని, సైకిళ్ల మీద ఒకరి వెనక ఒకరు జుయ్యిమని వెళ్లిపోయారు. నాలుగు రోజుల పందెమట, ఆ రోజు రెండోదట, డ్రైవరు కనుక్కొచ్చి చెప్పాడు. అంతా కలిపి నిమిషం కూడా పట్టలేదు గానీ, నేను మాత్రం కారు దిగి, వెనకనుంచి హారన్లు మొదలయ్యేదాకా రోడ్డు పక్కన అలాగే నిలబడిపోయాను. మోకాళ్లకి పట్టీలు వేసుకుని మెట్లెక్కే మనిషిని, ఇలాంటి పందెం ఒకప్పుడు నేనూ గెలిచానంటే ఆ డ్రైవరు నమ్మేవాడో లేదో, చెప్పలేదు. గెలిచానని చాలామందికే తెలుసు. ఎలా గెలిచానో మాత్రం మా ఇంట్లోవాళ్లకి కూడా ఇంతవరకూ సరిగ్గా చెప్పలేదు.

మన తరంవాళ్లకి గుర్తుండే ఉంటుంది, మా రోజుల్లో ఆడపిల్ల సైకిలు తొక్కడం తప్పేమీ కాదు, కానీ తొక్కి ఎంతదూరం పోవచ్చో ఇంట్లో తేల్చేవారు. మా నాన్నగారు విజయవాడ వన్ టౌన్‌లో ఒక మిరపకాయల హోల్‌సేల్ కొట్లో గుమాస్తా. ఇంటి నుంచి కాలేజీకి వెళ్లే దారంతా తోపుడు బళ్లూ, రిక్షాలూ, గోడౌన్ల ముందు బస్తాలు దించే హమాలీలూ. వాటి మధ్య సందు చూసుకుని దూరిపోవడం అలవాటై నాకు సైకిలంటే భయం పోయింది. మా వ్యాయామం మాస్టారు ఆ దూరడం ఎక్కడ చూశారో గానీ, కృష్ణా జిల్లా చుట్టూ ఆడపిల్లలకి నాలుగు రోజుల సైకిలు పందెం పెడుతున్నారని తెలియగానే, కాలేజీ తరఫున వెళ్లే ముగ్గురిలో నా పేరు కూడా రాశారు.

మిగతా ఇద్దరి గురించీ చెప్పాలి. జట్టుకి పెద్ద అక్క. నా సొంత అక్క కాదు, కంకిపాడులో వ్యవసాయం చేసుకునే కుటుంబం వాళ్లది, నాకంటే ఒక ఏడాది పైన చదివేది, పొడుగ్గా, నెమ్మదిగా ఉండేది, కాలేజీ మొత్తానికీ అక్కే. రోజూ కంకిపాడు నుంచి సైకిలు మీద వచ్చి మళ్లీ సాయంత్రం సైకిలు మీదే వెళ్లిపోయేది, వర్షాకాలంలో కూడా. రెండోది చిన్నది, మాకంటే ఏడాది కింద. బందరు రేవు దగ్గర చేపలు పట్టే ఇంటి పిల్ల. హైస్కూల్లో ఉండగా వాళ్ల నాన్న బరువైన సైకిలుకి చేపల గంపలు కట్టుకుని తెల్లారేసరికి మార్కెట్‌కి తొక్కిన కాళ్లు అవి. మాస్టారు ఎక్కడెక్కడో అడిగి తెచ్చిన వంపు హ్యాండిల్ రేసు సైకిలు మొదటిసారి ఎక్కినప్పుడు, ఇదేంటండీ, కింద ఏమీ లేనట్టుంది అని నవ్వింది.

ఈ పందెం తీరు మామూలు పందెం లాంటిది కాదు. ఏ రోజు ఎవరు ముందొచ్చారన్నది ఆ రోజుకే. నాలుగు రోజులూ ఎవరికి ఎంతసేపు పట్టిందో కలిపి, అందరికంటే తక్కువ సమయం పట్టినవాళ్లే చివరికి గెలిచినట్టు. ఏ పూటకి ఆ లెక్కలో ముందున్న అమ్మాయి మర్నాడు ఎర్ర చొక్కా వేసుకుని తొక్కాలి. చొక్కా ఒక్కటే ఉండేది, మగపిల్లల కొలతది. మొత్తం మీద మొదట వచ్చిన ఒక్కరినీ రాష్ట్ర శిక్షణ శిబిరానికి తీసుకుంటామన్నారు. అక్కకి అది కాలేజీలో ఆఖరి ఏడాది, ఇక మళ్లీ అవకాశం లేదు. అందుకని మాస్టారు ముందే మాట తీసుకున్నారు, అక్క గెలవాలి, మీరిద్దరూ ముందు తొక్కుతూ ఆమెకి గాలి తగలకుండా అడ్డం కాయాలి, ఆమె సైకిలుకి ఏమన్నా అయితే దగ్గరున్నవాళ్లు దిగి తమ చక్రం ఇవ్వాలి అని. సరేనండీ అన్నాం.

మొదటి రోజు విజయవాడ నుంచి కరకట్ట మీదుగా అవనిగడ్డ. అక్కే ముందొచ్చింది, ఎర్ర చొక్కా వేసుకుంది. రెండో రోజు అవనిగడ్డ నుంచి బందరు, చొక్కా అక్క దగ్గరే ఉంది. ఆ సాయంత్రం చిన్నదాని అమ్మానాన్నా మేం దిగిన స్కూలుకి చేపల పులుసు తెచ్చారు. మా ఇంట్లో చేపలు వండరు. నేను మొహమాటపడుతూ పులుసు మాత్రం అన్నంలో కలుపుకున్నాను, రెండో వాయికి మొహమాటం పోయింది. మా అమ్మకి చివరిదాకా ఈ సంగతి తెలియదు. అయితే ఆ సాయంత్రమే ఇంకొకటి కూడా జరిగింది. గోడకి అంటించిన కాగితంలో సమయాలు చూస్తే, అక్క తర్వాత పేరు నాది. తేడా నిమిషం కూడా లేదు. నా తర్వాత ఏలూరు జట్టులో ఒక బక్కపల్చటి అమ్మాయి. ఆ కాగితం చూసేదాకా నేను గెలవగలనన్న ఊహే నాకు లేదు. చూశాక వేరే ఊహ లేకుండా పోయింది.

మూడో రోజు బందరు నుంచి పెడన మీదుగా గుడివాడ. గుడ్లవల్లేరు దాటాక అక్క ముందు చక్రం టప్పున పేలింది. నేను ఆమె వెనకే ఉన్నాను, నా పక్కన ఏలూరు అమ్మాయి. చిన్నది ఇంకా వెనక ఎక్కడో వస్తోంది. దిగవలసింది నేను. అక్క సైకిలు పక్కకి తీసి చెయ్యెత్తింది. నేను వెనక్కి తిరిగి ఆ చెయ్యి చూశాను. చూసి, తల దించుకుని ఇంకా గట్టిగా తొక్కాను. ఇన్నేళ్ల తర్వాత దీనికి ఏదన్నా సాకు వెతుక్కుందామన్నా దొరకదు. అయిదారు కిలోమీటర్ల తర్వాత కూడా ఆగవచ్చు, ఆగలేదు. చిన్నది వచ్చి, తన చక్రం ఊడదీసి అక్కకి బిగించి పంపి, తను మాత్రం సామాను జీపు వచ్చేదాకా ఎండలో రోడ్డు మీద కూర్చుందట. జీపులో దొరికిన చక్రం బిగించుకుని అందరికంటే ఆఖరున గుడివాడ చేరింది, దానితో ఆ పిల్ల గెలిచే లెక్కలోంచే పోయింది. అక్కకి రెండు నిమిషాలకి పైగా పోయాయి. ఎర్ర చొక్కా నాకు వచ్చింది.

గుడివాడలో మేం దిగిన స్కూలు వరండాలో అక్క కాళ్లు కడుక్కుంటుంటే దగ్గరికి వెళ్లి, పేలడం వినపడలేదక్కా అన్నాను. ఆమె తల ఎత్తి ఒకసారి చూసి, “గాలికి వినపడదులే, పోయి అన్నం తిను” అంది. చిన్నది మాత్రం ఊరుకోలేదు. అన్నం పళ్లెం పట్టుకుని నా ఎదురుగా కూర్చుని, గొంతు పెంచకుండా, “నువ్వు ఎనక్కి తిరగటం నాకు కనపడిందక్కా. అంత దూరంనుంచీ కనపడింది” అంది. మాస్టారికి చెబుతుందేమో అనుకున్నాను. చెప్పలేదు. అక్క చెప్పవద్దందని తర్వాత తెలిసింది.

మర్నాడు పొద్దున నేను లేచేసరికి స్కూలు కొళాయి పక్కన తీగ మీద ఎర్ర చొక్కా ఆరుతోంది. రెండు రోజులు అక్క చెమటతో తడిసిన చొక్కా అది, ఆమే ఉతికి ఆరేసింది. చేత్తో తడిమి చూసి, అంచులు ఇంకా కొంచెం పచ్చిగా ఉన్నాయి, ఎండలో ఆరిపోతుందిలే అని తెచ్చి నాకు తొడిగింది. “నీకు మరీ వదులుగా ఉంది. ఇటు తిరుగు, పిన్నీసులు పెడతాను” అంది. నడుము దగ్గర రెండు, భుజం దగ్గర ఒకటి పెట్టింది. పెడుతూనే ఆ రోజు ఎలా తొక్కాలో చెప్పింది. “నాకింక అందదు. ఏలూరు అమ్మాయికీ నీకూ తేడా కాసిని సెకన్లే. ఈ రోజంతా పడమటి గాలి మొహానికే కొడుతుంది. నువ్వు నా వెనకే ఉండు, బయటికి రాకు.” నేను చిన్నదాని వైపు చూశాను. చిన్నది నా సైకిలు గొలుసుకి నూనె వేస్తోంది, మొహం ముడుచుకునే.

గుడివాడ నుంచి కంకిపాడు మీదుగా విజయవాడ, అది ఆఖరి రోజు. ఊరు దాటగానే ఏలూరు అమ్మాయి ఒక్కతే గుంపులోంచి ముందుకు దూసుకుపోయింది. చూస్తుండగానే రోడ్డు చివర చుక్కంత అయింది. అప్పుడు చిన్నది మా ముందుకు వచ్చి, గెలుపులో తనకేమీ లేకపోయినా, పది పన్నెండు కిలోమీటర్లు ఎదురుగాలిని చీల్చుకుంటూ మమ్మల్ని లాక్కుపోయింది. ఇక తన వల్ల కాదని చెయ్యి ఊపి పక్కకి తప్పుకున్నప్పుడు ఆ పిల్ల పెదాలు తెల్లగా పాలిపోయి ఉన్నాయి. ఆ తర్వాత అక్క. రెండు వైపులా కోతలైపోయిన పొలాలు, గాలికి లేచే దుమ్ము, నా కళ్ల ముందు అక్క వీపు. ఆమె ఒకసారి కూడా వెనక్కి చూడలేదు, నన్ను ముందుకు రమ్మనలేదు. వాళ్ల ఊరు ఇంకో రెండు మూడు కిలోమీటర్లు ఉందనగా నాకు ఇక మనసాగలేదు. “అక్కా, నిన్న నాకు వినపడింది” అన్నాను.

“తెలుసు. మాట్లాడకు, ఊపిరి దాచుకో” అంది, తల తిప్పకుండానే.

కంకిపాడు సెంటరులో వాళ్లవాళ్లంతా వచ్చి నిలబడ్డారు. తమ పిల్ల ఎర్ర చొక్కాలో వస్తుందని మొన్నటి కబురు మీద వచ్చినవాళ్లు. చొక్కా నా మీద చూసి ఒకరి మొహాలొకరు చూసుకున్నారు, ఆ తర్వాత తమ పిల్ల ముందు ఉంది కదా అని కాబోలు, గట్టిగా చప్పట్లు కొట్టారు. వాళ్ల నాయనమ్మ పాలకేనుతో మజ్జిగ పట్టుకుని రోడ్డు మీదకే వచ్చేసింది. అక్క వేగం తగ్గించి అందుకుని, చెయ్యి వెనక్కి చాపి ముందు నాకిచ్చింది. నేను తాగి ఇచ్చాక మిగిలింది తను తాగింది. అందులో ఉప్పు ఎక్కువైంది, ఆ రుచి నాకు ఇంకా గుర్తే.

పోరంకి దాటాక ఏలూరు అమ్మాయిని పట్టుకున్నాం. అక్క అప్పటికి పూర్తిగా అలిసిపోయింది. పక్కకి జరిగి, పో అన్నట్టు తల ఊపింది. నేను ఆ అమ్మాయి పక్కనే గీత దాటాను, ముందురోజు దాకా నాకున్న ఆ కాసిని సెకన్ల తేడాతోనే గెలిచాను. దండలు వేస్తున్నప్పుడు అక్క ఇంకా రోడ్డు మీదే ఉంది.

ఆ సర్టిఫికెట్టు మీదే శిబిరానికి వెళ్లాను, ఆటల కోటాలో ఉద్యోగం వచ్చింది, మా తమ్ముళ్లు చదువుకున్నారు. చిన్నది మరుసటి ఏడు అదే పందెం తన కాళ్లతో తనే గెలిచింది. ఇప్పుడు బందరులో చేపల వ్యాపారం చేస్తోంది, ఫోనులో ఇప్పటికీ నన్ను నాలుగు తిట్టాకే మాట్లాడుతుంది. అక్క కంకిపాడులోనే స్కూల్లో డ్రిల్లు టీచరుగా ముప్పై ఏళ్లు చేసింది. ఆమె రిటైరైన రోజున అందరూ వెళ్లాక, ఆ రోజు నీకు కోపం రాలేదా అని అడిగాను. “ఎందుకు రాదే, వచ్చింది. చొక్కా ఉతుకుతుంటే కొంత పోయింది. అంతా పోలేదులే” అంది. అంతా పోయిందని చెప్పి ఉంటే నేను నమ్మేదాన్ని కాదు. అలా చెప్పినందుకే ఆ మనిషంటే నాకు మరింత గౌరవం.

ఇప్పుడు ఆడపిల్లలు పందేలకి వెళ్లాలంటే మాకులా గడప గడపకీ సంజాయిషీ చెప్పుకోనక్కరలేదు, చాలా సంతోషం. సైకిళ్లు చిటికెన వేలితో ఎత్తేటంత తేలికయ్యాయి, రోడ్లు వెడల్పయ్యాయి. అవన్నీ రావలసినవే. కానీ, ముందు దారిలో ఏముందో కనపడకుండా, ఒకరి చక్రానికి జానెడు దూరంలో మన చక్రం పెట్టి, ఆ వీపునే నమ్ముకుని అంత దూరం వెళ్లడం ఆ ఒక్క రోజుతోనే నాకు అయిపోయింది. ఆ తర్వాత ఉద్యోగంలో, సంసారంలో నా ముందు నడిచినవాళ్లు చాలామందే ఉన్నారు. గాలి నాకు తగలకుండా చూసినవాళ్లు మాత్రం మళ్లీ కనపడలేదు. నేను ఎవరికైనా అలా ముందు తొక్కానా అని అడిగితే, ఒకటి రెండుసార్లు ప్రయత్నించాను, ఆమె అంత దూరం వెళ్లలేకపోయాను.