తెరిచిన అరచేతులు

తిరుపతిలో మా మిద్దెపైన అద్దెకున్న ఆవిడ ఫోన్లో వంటల వీడియోలు చేసేది. ఏ మిక్సీనో, గిన్నెనో మెచ్చుకునే ముందు రెండు అరచేతులూ తెరిచి కెమెరాకు చూపించి, "ముందే చెప్తాండా. కింద లింకులో కొంటే నాకు కమీషన్ వస్తాది" అనేది. ఆ మాట చెప్పి తీరాలని రూలు ఉందట, సరే. చేతులు చూపించమని ఏ రూల్లో ఉందో నాకు అర్థమయ్యేది కాదు.

ఒకరోజు నేనక్కడ ఉండగానే కుక్కర్ కంపెనీ అతను ఫోన్ చేసి, కమీషన్ మాట వీడియో చివర్లో పెట్టమన్నాడు.

"సివరిదాకా ఎవురు సూస్తారు సార్? ముందే చెప్తా. కుదరదంటే మీ కుక్కరు మీకాడే పెట్టుకోండి" అని, ముచ్చటపడి తెప్పించుకున్న ఆ కుక్కర్ని తిరిగి అట్టపెట్టెలో సర్దేసింది.

అప్పుడు అడిగాను, చేతుల సంగతి.

"మా నాయన ఎద్దుల సంతలో దళారి అక్కా. తువ్వాలు కింద వేళ్లు పట్టి బేరం చేసేటోడు. ఆయనకేం మిగిలిందో అమ్మినోడికీ తెలీదు, కొన్నోడికీ తెలీదు. మంచోడే. అయినా ఆయన మాట ఎవురూ నమ్మలా."

అది నాయన మీద కోపమో, ప్రేమో నాకు ఇప్పటికీ తేలలేదు.

ఇల్లు ఖాళీ చేసిన రోజు మా ఇంట్లోనే భోంచేసింది. సంగటి, వంకాయ పులుసు. నా వంటను మా ఇంట్లో ఎవరూ మెచ్చుకోరు. రెండు ముద్దలు తిని ఆగింది. ఎంగిలి చెయ్యి అని కూడా చూడకుండా రెండు అరచేతులూ తెరిచి నాకు చూపించింది.

"ముందే చెప్తాండా అక్కా, దీంట్లో నాకేమీ రాదు. పులుసు శానా బాగుండాది."