పటంలోని పసివాడికి కొలతలు

గోడకు ఒక మేకు కొట్టబోయి సంసారానికే పగులు తెచ్చుకున్న ఘనుడి ఉదంతం ఇది. ఆ ఘనుణ్ణి నేనే. నిరభ్యంతరంగా నవ్వండి, నవ్వడానికి వీలున్నంత మేరకు.

పోలీసు చర్య ముగిసి కొన్ని నెలలైంది. నేను సికింద్రాబాదులో ఒక మిషన్ బడిలో సైన్సు మాస్టరును. రుజువు చూపనిదే సూర్యోదయాన్ని కూడా ఒప్పుకోని వయసు. అంతకు ముందు వానల్లోనే మా పది నెలల బాబు జ్వరంతో పోయాడు. వాడి ఫొటో ఒక్కటీ లేదు. కుదురుగా కూర్చోని పిల్లవాణ్ణి తీస్తే బొమ్మ చెదురుతుందనీ, చెదిరిన బొమ్మ ప్రమాణం కాదనీ వాయిదా వేసింది కూడా నేనే.

ఒకనాడు నా భార్య ఎస్తేరు, "గోడలు బోసిగా ఉన్నాయండీ. ఏదైనా పటం తెచ్చుకుందాం" అంది. ఏ మాటనైనా మూడుసార్లు పరీక్షించే నేను ఆ ఒక్క మాటను పరీక్షించకుండా నమ్మాను.

మా వీధి చివరి ఖాదర్ సాబ్ ఉద్యోగం పోయి, కరాచీలోని తమ్ముడి దగ్గరకు వెళ్ళిపోతూ సామాను అమ్మేస్తున్నాడు. కంటోన్మెంటు దొరల దగ్గర ఎప్పుడో కొన్న రంగుల అచ్చుపటాలు ఆయన వరండాలో వరుసగా ఆనించి ఉన్నాయి. ఎస్తేరు అన్నిటినీ దాటి ఒకదాని ముందు ఆగిపోయింది. కిటికీ పక్కన ఒక తల్లి; ఆమె భుజం మీద, నోరు కొద్దిగా తెరిచి నిద్రపోతున్న పసివాడు.

"ఇది తీసుకుందామండీ."

నేను జేబులోంచి కొలత టేపు తీశాను.

"ఏందీ సార్, తస్వీర్ కొననీకి వచ్చిండ్రా, షేర్వానీ కుట్టనీకి వచ్చిండ్రా?" అన్నాడు ఖాదర్ సాబ్.

"ఒక్క నిమిషం సాబ్. వెలుతురు ఎడమవైపు కిటికీలోంచి వస్తోంది. నీడ కూడా ఎడమవైపే పడింది. ఇది అసాధ్యం."

"నీడతోని ఏం తక్లీఫ్ సార్? జెర సల్లగ ఉంటది."

ఎస్తేరు నవ్వలేదు. నేను నేల మీద చతికిలబడి, పసివాడి ముడుచుకున్న కాళ్ళను ముక్కలు ముక్కలుగా కొలిచి కూడిక వేశాను.

"ఈ వయసు బిడ్డ తల ఒంటి పొడవులో ఇంచుమించు నాలుగో వంతు ఉండాలి. ఇక్కడ ఆరో వంతే ఉంది. ఇటువంటి బిడ్డ ఉండడానికి వీల్లేదు ఎస్తేరూ."

"వీల్లేదా?" అంది.

"లేనే లేదు" అన్నాను, హైకోర్టు తీర్పు చదువుతున్నట్టు.

ఖాదర్ సాబ్ ఆమె మొహం చూసి, "అమ్మకు నచ్చింది గదా సార్" అన్నాడు. నచ్చడం రుజువు కాదని ఆయనకు సుదీర్ఘంగా వివరించాను. ఊరు వదిలి పోతున్న మనిషి మూటల్లో ఆ జ్ఞానాన్ని కూడా కుక్కి పంపాను.

చివరికి ఏ లోపమూ లేని పటం దొరికింది: ఎర్రకోట్ల దొరలు నలుగురు, గుర్రాలు, పదకొండు వేటకుక్కలు. నీడలన్నీ క్రమశిక్షణతో ఒకే దిక్కుకు పడ్డాయి. ముందుగదిలో తగిలించాను. ప్రార్థనకు వచ్చిన పాస్టరుగారు కళ్ళజోడు సవరించుకుని దానిలో చాలాసేపు వెతికారు.

"ఇందులో ప్రభువు ఎక్కడున్నారు మాస్టారూ?"

"నీడలు గమనించండి అయ్యగారూ."

ఎస్తేరు మాత్రం ఆ గోడవైపు తలెత్తనే లేదు.

రెండు వారాల తరువాత, గుడిలో మా ముందు బల్ల మీద కూర్చున్న ఒకావిడ భుజాన పసిబిడ్డ నిద్రపోతోంది. అలవాటు కొద్దీ కంటితోనే దాని తల కొలుస్తూ పక్కకు చూశాను. ఎస్తేరు చెయ్యి తన ఖాళీ భుజాన్ని మెల్లగా జోకొడుతోంది.

అప్పటికి నాకు అర్థమైంది. ఆరాధన ముగిసీ ముగియకముందే పరుగెత్తాను. ఖాదర్ సాబ్ టాంగాలోకి పెట్టెలు ఎక్కిస్తున్నాడు.

"ఆ తల్లీబిడ్డల పటం ఉందా సాబ్?"

"గా పటం మీరొచ్చిన మర్నాడే పోయింది సార్. అమ్మ ఒక్కతే వచ్చి తీస్కపోయింది. మీకు చెప్పొద్దన్నది. నేనెట్లాగూ పోతున్న గదా, చెప్తున్న."

ఇంటికి వచ్చి బీరువా తెరిచాను. చీరల వెనక ఉంది పటం. పసివాడి చెంప దగ్గర అద్దం వేలిముద్రలతో మసకబారింది.

"నాకెందుకు చెప్పలేదు ఎస్తేరూ?"

"మళ్ళీ కొలుస్తారని" అంది. బీరువా తలుపు దగ్గరగా వేస్తూ, "వాడు లేడని ఒకసారి రుజువు చేశారుగా. ఇంకోసారి వినలేనండీ" అంది.

దొరలనూ కుక్కలనూ దించేశాను. ఆమే పటం తెచ్చి తగిలించి, "వంకరగా ఉందా?" అని అడిగింది.

వంకరగానే ఉంది. లేదన్నాను.

కనుక, ఎవరి బలవంతమూ లేకుండా, పాఠకులు సాక్షులుగా, చిత్తశుద్ధితో ప్రమాణం చేస్తున్నాను: ఏ తల్లి భుజం మీది బిడ్డనూ నేను ఇకపై కొలవను. ఉన్నాడని ఆమె అంటే, ఉన్నాడు.