అన్న ఎదుట చదవకూడని వాక్యం

ఆకోసితాకు మా క్రైస్తవ గుడిలో నిలబడి వాక్యం చెప్పాలనే కోరిక నలభై తొమ్మిదో ఏట పుట్టింది. మా సంఘంలో అది కోరుకోగానే దొరికేది కాదు. ఏడాదికొక్కసారి పరీక్ష ప్రసంగం ఉంటుంది. ముగ్గురు పెద్దలు కూర్చుని వింటారు. వాళ్ళు సరేనంటేనే ప్రసంగికుల జాబితాలో పేరు చేరుతుంది.

మొదటి ఏడు, పరీక్షకు ఆరు రోజులున్నాయనగా ఆమె పెదమామ పోయాడు. మా దీవుల్లో చావు ఒక్క రోజుతో తీరదు. పది రోజులు నల్లబట్టలు కట్టుకుని, సంతాపపు ఆచారంగా నడుముకు చినిగిన పెద్ద చాప చుట్టుకుని, వచ్చినవాళ్ళందరికీ వండుతూనే ఉంది. రెండో ఏడు తుఫాను గుడి కప్పునే ఎత్తుకుపోయింది. మూడో ఏడు అత్త లుపే నీళ్ళతొట్టి దగ్గర జారిపడి తుంటి విరగ్గొట్టుకుంది. ఆకోసితా భర్త అప్పటికే పోయాడు. ముసలామెను ఎత్తి కూర్చోబెట్టాలన్నా, పడుకోబెట్టాలన్నా ఆమె రెండు చేతులే దిక్కు.

వాళ్ళ ఇల్లు మా కంచె అవతలే. నేను బడిలో పాఠాలు చెప్పడం మానేశాక పగలంతా వరండాలో పుస్తకం పట్టుకుని కూర్చునేవాణ్ణి. చాపల కోసం మొగలాకు గీరుతూ ఆమె పైకి చదివే బైబిలు మాటలు నా పుటల మధ్యకు వచ్చి పడేవి. పందులకు కొబ్బరి వేస్తూ కూడా అదే చదువు.

లోపలినుంచి లుపే అరిచేది. "ఒసేయ్, దేవుడికి చెవుడు లేదే! పందుల్నెందుకే హడలగొడతావు? చామాకు మాడి చస్తోంది, చూడు!"

"పందులైనా బుద్ధిగా వింటున్నాయత్తా. నువ్వే మధ్యలో అరుస్తున్నావు!"

ఒకనాడు కంచె దగ్గర నిలబడి నాతో అంది. "రోజూ పొద్దున్నే దేవుణ్ణి ఒక్కటే అడుగుతాను మాస్టారూ. ఇవాళ ఒక్క పుట చదవనియ్యి, చాలు అని. కొండల్ని కదిలించే విశ్వాసం నాకు లేదు. ఒక్క పుటకు సరిపడా ఉంది."

ఆ ఒక్క పుట కూడా కాని రోజులు ఉండేవి. నాకు తెలుసు. అలాంటి రోజు గడిచాక మరునాడు రెండు పుటలు చదివేది కాదు, ఒక్కటే చదివేది. పోయినదాని కోసం ఏడ్చే ఓపిక ఆమెకు లేదు.

నాలుగో ఏడు, పరీక్షకు ఆరు వారాల ముందు పాస్టరు గారు వాక్యభాగం ఇచ్చారు. పన్నెండేళ్ళు రక్తస్రావంతో బాధపడి, మైల అని అందరూ దూరం పెట్టిన స్త్రీ జనంలో వెనకనుంచి వచ్చి యేసు వస్త్రపు చెంగు ముట్టుకున్న కథ. ఆకోసితా ముఖం వెలిగింది. "ఈవిడ నాకు తెలుసు మాస్టారూ. ఈవిడ కూడా అలిసిపోయింది."

పరీక్ష రోజు మధ్యాహ్నం గుడిలో పాతికమందిమి ఉన్నాం. పాస్టరు మఫిలెఓ, సంఘపెద్ద పెనిసిమని ముందు బల్ల దగ్గర కూర్చున్నారు. మూడో పరీక్షకుడికి జ్వరమని, అతని బదులు వేరే దీవినుంచి ఎవరినో పంపుతున్నామని పొద్దుటే కబురొచ్చింది. పడవ దిగి వచ్చిన మనిషిని చూసి నా పక్కన కూర్చున్నామె "అయ్యో దేవుడా" అనుకుంది. వచ్చినవాడు వైనికోలో. ఆకోసితాకు తోడబుట్టిన అన్న. ఆమె అత్తింటి పేరుతో ఉంది కనుక పంపినవాళ్ళకు ఆ సంగతి తట్టలేదు. ఆయనకు మాత్రం అభ్యర్థి ఎవరో ఎవరు చెప్పారు?

మాలో అన్నాచెల్లెళ్ళు ఒక గదిలో కూర్చుని టీవీ చూడరు. ఒక హాస్యానికి కలిసి నవ్వరు. ఇక ఆడవాళ్ళ ఒంటి సంగతులు అన్న చెవిన పడితే అది ఆమెకూ అవమానమే, ఆయనకూ అవమానమే. అలాంటిది, ఆమె చేతిలో ఉన్నది ఆ భాగం. పైకి చదవాలి. ఆ తర్వాత దాని మీదే మాట్లాడాలి.

ఆకోసితా లేచి వెళ్ళి నిలబడింది. బైబిలు తెరిచింది. అన్నను చూసింది. ఆయన తల దించుకుని తన మోకాళ్ళ వైపు చూస్తున్నాడు. ఆ పుట మీద అరచెయ్యి పెట్టి కప్పేసింది.

పాస్టరు గారు నిబంధనల పుస్తకం తిరగేశారు. లేచి మెల్లగా అన్నారు. "ఇచ్చిన భాగం మార్చడానికి నిబంధన ఒప్పుకోదమ్మా. ముగ్గురూ లేకుండా జరపడానికీ లేదు. ఇందులో నీ తప్పేం లేదు. వచ్చే ఏడు పెట్టుకుందాం."

ఆమె భుజాలు జారిపోవడం చూశాను. కూర్చుంటుందనే అనుకున్నాను. నిజం చెప్పాలంటే కూర్చుంటే బాగుండునని కూడా అనుకున్నాను, అంత అలసట ఉంది ఆ ముఖంలో.

"వద్దు పాస్టరు గారూ," అంది. బైబిలు మాత్రం మూయలేదు. మళ్ళీ అంది. "వచ్చే ఏడు అనే మాట మూడు సార్లు విన్నాను. ఈ కథలో ఆవిడకు కూడా ఆ జనంలోకి రాకూడదనే చెప్పారు. ఆవిడ వచ్చింది. నేనూ నిలబడే ఉంటాను. దారి ఏదన్నా ఉంటే దేవుడే చూపించాలి."

ఉన్నట్టుండి వైనికోలో లేచాడు. చెల్లెలి వైపు కాదు, పెనిసిమని వైపు తిరిగి అన్నాడు. "బయట పంది ఏదో చామతోటలో పడ్డట్టుంది. తోలేసి వస్తాను."

గుడి చుట్టూ చామతోట లేదు. అటు సముద్రం, ఇటు సమాధులు.

"వెళ్ళిరా నాయనా," అన్నాడు పెనిసిమని, ముఖంలో ఏమీ కనపడనీయకుండా. "పెద్ద పందే అయ్యుంటుంది. నిదానంగా తోలు."

ఆకోసితా ఆ భాగం చదివింది. చివరి వాక్యం కాగానే పెనిసిమని గట్టిగా దగ్గాడు. వైనికోలో వచ్చి తన చోట కూర్చున్నాడు.

ఇక ప్రసంగం మిగిలింది. ఆరు వారాలు సిద్ధం చేసుకున్న మాటల్లో సగం ఇప్పుడు పనికిరావు. కాగితం మడిచి పక్కన పెట్టింది. జబ్బు పేరెత్తకుండానే మాట్లాడింది. పన్నెండేళ్ళు పొద్దున్నే లేచి, ఇవాళా అంతేనని తెలిసి, అయినా లేవడం గురించి చెప్పింది. జనం వెనక నిలబడితే ఎదుటివాళ్ళ వీపులు తప్ప ఏమీ కనపడవని చెప్పింది. "ఆవిడ చెయ్యి చాపింది బలం ఎక్కువై కాదు. ఉన్న కాస్త బలమూ చెయ్యి చాపడానికే సరిపోయింది," అంది. మధ్యలో రెండుసార్లు మాట తప్పింది. పదకొండు నిమిషాల్లో ముగించింది. ఇరవై చెప్పాలి.

ప్రశ్నలు మొదలయ్యాయి. వైనికోలో చెల్లెలిని నేరుగా అడగకూడదు కనుక పాస్టరు గారితో అన్నాడు. "అభ్యర్థిని అడగండి. ఆ స్త్రీ నేరుగా ముందునుంచి ఎందుకు రాలేదు?"

ఆకోసితా కూడా పాస్టరు గారికే జవాబు చెప్పింది. "ముందునుంచి వస్తే వచ్చే ఏడు రమ్మనేవాళ్ళు."

పెనిసిమని పకాలున నవ్వాడు. మా బెంచీలూ నవ్వాయి. వైనికోలో నవ్వలేదు, నవ్వకూడదు కనుక కిటికీలోంచి బయటికి చూశాడు. ఆయన భుజాలు మాత్రం కదిలాయి. ముగ్గురూ సరేనని సంతకాలు పెట్టారు. ఆయన సాయంత్రం పడవకే వెళ్ళిపోయాడు. వాళ్ళిద్దరి మధ్య ఒక్క మాటా జరగలేదు.

తర్వాతి మూడు నెలల ప్రసంగాల వంతుల జాబితా గుడి తలుపుకు అంటించినప్పుడు ఆమె వెంట నేనూ వెళ్ళాను. ఆమెకు ఇచ్చింది పక్క ఊరు, రెండు గంటల నడక. ఆదివారం మధ్యాహ్నం మూడు గంటల ఆరాధన.

"అది ఎవరూ తీసుకోని వంతు," అన్నాను. "ఆదివారం పొయ్యిగుంటలో కాల్చిన మాంసం, దుంపలు కడుపునిండా తిని వస్తారు. సగంమంది నిద్రపోతారు."

ఆమె తన పేరు ఇంకోసారి చదువుకుంది.

"పోనీయండి మాస్టారూ, పడుకోనీయండి," అంది. "వారమంతా పని చేసి వస్తారు పాపం. మేలుకున్నవాళ్ళకు చెప్తాను."