సున్నుండలు వెనక్కి అడిగిన కోచ్

మొన్న సంతాప సభలో అందరూ మా ఆయన్ని "కోచ్ దామోదర్‌గారు" అన్నారు. వింటే ఆయనకు నవ్వొచ్చేది. ఎందుకంటే మొదట్లో ఆయన చేసిన పని నేల తుడవడం.

1977లో లెక్కల్లో ఎం.ఎస్. చదవడానికి నార్త్ కరొలైనా వచ్చారు. గుంటూరులో బాస్కెట్‌బాల్ ఆడిన సరదా తీరక, ఇక్కడి చిన్న కాలేజీ జట్టుకి మేనేజర్‌గా చేరారు. పేరుకే మేనేజరు. ఆటగాళ్ల చెమట పడిన చోటల్లా తుడవాలి, జెర్సీలు ఉతకాలి. ఎవరు ఎక్కణ్ణుంచి వేస్తే బంతి పడుతుందో లెక్కలు కట్టి చూపించాక, పెద్ద కోచ్ వాకర్‌గారు ఆయన్ని అసిస్టెంట్‌గా పెట్టుకున్నారు. అదీ ఏడాదికోసారి పొడిగించే ఉద్యోగమే.

మేముండే క్యారీ ఊళ్లో మా డాక్టర్ అచ్యుతరావుగారు ప్రతి విందులోనూ చురకలంటించేవారు.

"ఏమోయ్, మాథ్స్ చదివి బంతులకి కాపలానా? కంప్యూటర్స్‌లో ట్రై చేయవోయ్!"

"అక్కడ ఈల వేయనివ్వరు డాక్టర్‌గారూ!"

1981 వసంతంలో వాకర్‌గారు తేల్చి చెప్పేశారు. కర్టిస్ అనే హైస్కూలు కుర్రాడు మన జట్టుకి వస్తే ఉద్యోగం పర్మనెంట్, రాకపోతే వచ్చే ఏడాది చోటు లేదు. కర్టిస్ ఇంట్లో వాళ్లమ్మ లొరెట్టా మాటే మాట. ఆవిడతో మాట్లాడి రావడం మా ఆయన పని.

"లీలా, మొదటిసారి వెళ్తున్నాను. ఉత్త చేతులతో ఎలా వెళ్తాను?" అన్నారు. స్టీలు డబ్బా నిండా సున్నుండలు కట్టి ఇచ్చాను.

మర్నాడు ఆయన ఆ సంగతి గర్వంగా చెబితే వాకర్‌గారు తల పట్టుకున్నారట. ఆటగాడి ఇంటివాళ్లకి కోచ్ ఏదీ ఇవ్వకూడదు. డబ్బు, బూట్లు కూడదని ఈయనకీ తెలుసు. సున్నుండలు కూడా ఆ లెక్కలోకే వస్తాయని తట్టలేదు. లీగ్ ఆఫీసుకి చెప్పుకోక తప్పలేదు. మిగిలినవి వెనక్కి తెచ్చుకోవాలి, కుర్రాడు ఏ కాలేజీయో తేల్చుకునేదాకా మళ్లీ పలకరించకూడదు అన్నారు వాళ్లు.

ఫోన్ చేసేటప్పుడు నేను పక్కనే ఉన్నాను.

"మేడమ్, ఆ స్వీట్స్... నేను ఇవ్వకూడదు, తప్పు నాదే. మిగిలినవి ఇచ్చేయాలి."

ఆవిడ గొంతు నాకూ వినబడింది. "మిగలడమా? ఆఖరిది మా అత్తగారు తింటోంది. నోట్లోంచి లాక్కోమంటావా?"

"వద్దు వద్దు! పోనీ డబ్బా..."

"ఖాళీ డబ్బా ఎవరైనా తిరిగిస్తారా? మా అమ్మ నన్ను అలా పెంచలేదు."

ఆ నెలంతా పెద్ద కాలేజీల కోచ్‌లు ఆ ఇంటికి వెళ్లివస్తున్నారని వింటూనే ఉన్నాం. "మినపపిండికి ఉద్యోగం పోగొట్టుకున్నవాడివి నువ్వొక్కడివేనోయ్!" అన్నారు డాక్టర్‌గారు. ఈయన నవ్వారు గానీ ఆ పూట అన్నం సగమే తిన్నారు.

చివరికి కర్టిస్ మన కాలేజీకే సంతకం పెట్టాడు. ఆ సాయంత్రమే లొరెట్టా మా గుమ్మంలో దిగింది, చేతిలో మా డబ్బాతో.

"ఎంతోమంది కోచ్‌లు వచ్చి నా కొడుకుని ఆకాశానికెత్తారు. సిగ్గుపడుతూనే తప్పు ఒప్పుకున్నది నువ్వు. రేపు మావాణ్ణి బెంచీ మీద కూర్చోబెట్టాల్సొస్తే, అదీ మొహం మీదే చెప్తావు. నాకు కావలసింది అదే!" అంది.

డబ్బా మూత తీయబోయాను. లోపలినుంచి పెకాన్ గింజలతో చేసే 'పై' అనే మిఠాయి వాసన కమ్మగా వస్తోంది.

"ఆగు లీలా! తీసుకోవచ్చో లేదో చూడాలి!" అంటూ మా పర్మనెంట్ కోచ్‌గారు రూల్స్ పుస్తకం కోసం లోపలికి పరిగెత్తారు.

ఆయన పేజీలు తిప్పుతూనే ఉన్నారు. నేనూ లొరెట్టా సగం తినేశాం.