కోళ్ల దొడ్డిలో కోడలు

ఎనభైల్లో, పెళ్లయిన కొత్తలో, ఖరగ్‌పూర్ ఓల్డ్ సెటిల్‌మెంట్‌లోని మా రైల్వే క్వార్టర్ పెరట్లో ఇనుప వలతో నేనే కోళ్ల దొడ్డి కట్టాను. తలుపు వేయడం మరిచిపోతే ముంగిస దూరుతోందని, బయటివైపు దానంతటదే పడే గడియ బిగించి తెగ మురిసిపోయాను.

ఒక కార్తీక సోమవారం గుడ్ల కోసం లోపలికి వెళ్లగానే వెనక తలుపు మూసుకుని గడియ పడింది. లోపలినుంచి చెయ్యి అందదు. పొయ్యి మీద నైవేద్యం పాలు!

“అత్తా!” అని కేకపెట్టాను.

పూజయ్యేదాకా కోళ్లవైపు తొంగిచూడని అత్తగారు తడిచీరతోనే వచ్చారు.

“ఏటే, గుడ్లు అవెట్టినాయా, నువ్వెట్టినావా?”

“పాలు పొంగిపోతాయత్తా!”

“దించేసినాన్లే. ముంగిసకని ఎట్టిన గడియలో నువ్వు పడ్డావేటి?”

గోడ అవతల బెంగాలీ దీదీ పకపకా నవ్వింది. కోడిపెట్ట వెనక దాక్కోవాలనిపించింది. అత్తగారు గడియ తీసి, ఉపవాసంతోనే మళ్లీ చన్నీళ్లు పోసుకుని పూజకు కూర్చున్నారు.

సాయంత్రం చూస్తే గడియకు తాడు కట్టి ఉంది. దాని కొస వలలోంచి లోపలికి వేలాడుతోంది.

“గుడ్లెట్టే కోడలికి కట్టినాను” అన్నారు అత్తగారు.

ఆ దొడ్డికి నేనెన్ని మెరుగులు దిద్దినా, ఆ తాడంత మంచిది మరొకటి లేదు. ఇప్పటికీ దీపం పెట్టినప్పుడు దేవుడికి దండం పెట్టి, ఆవిడకూ ఒకటి పెడతాను.