ఔలు నగరం కోసం సైకిల్ పాఠం

ఇంత చిన్న సంగతికి పోస్టెందుకని ఊరుకుందామనే అనుకున్నాను, మనసొప్పలేదు. పోయిన ఎండాకాలం ఇక్కడ సౌదీలో గుండెనొప్పితో హాస్పిటల్లో పడి ఉన్నప్పుడు, డ్యూటీ అయిపోయినా ఇంటికి పోకుండా నా పక్కన కూర్చున్న నర్సు సునీత. భీమవరం పిల్ల. ఈ రోజు ఆమెకు ఫిన్లాండులోని ఔలు అనే ఊరి ఆసుపత్రి వాళ్లతో ఫోన్లో ఇంటర్వ్యూ.

ఆ ఊరి లెక్కలన్నీ నేనే వల్లె వేయించాను. జనం రెండు లక్షల పైచిలుకు, ఇంకా పెరుగుతున్నారు, మంచులోనూ సైకిళ్లే తొక్కుతారు. ఈ ఖోబర్ ఎండల్లో ఏసీలు బాగుచేసుకునే నాలాంటివాడికి అక్కడ అన్నం పుట్టదు, అది వేరే సంగతి.

సాయంత్రం నవ్వుతూ వచ్చింది. "రమ్మన్నారు బాబాయ్ గారూ! మీ లెక్కలు మాత్రం ఒక్కటీ అడగలేదు. మంచులో డ్యూటీకెలా వస్తావన్నారు, సైకిల్ మీదన్నాను."

"శభాష్ బిడ్డా! నీకు సైకిలొచ్చా?"

"రాదండీ. ఇరికించింది మీరే, నేర్పాల్సిందీ మీరే."

నా చదువు ఆమెకిలాగైనా అక్కరకొచ్చింది, దేవుడికి దండం. పెద్దయ్యాక సైకిల్ నేర్చుకున్నవాళ్లెవరైనా ఉంటే కిటుకు చెప్పండి.

అప్పటికప్పుడే పక్కగదిలో ఉండే బంగ్లాదేశీ అతని సైకిల్ అడిగి తెచ్చి, బిల్డింగ్ వెనక ఆమెను ఎక్కించి, సీటు పట్టుకుని నడిచాను. రెండో చుట్టులో ఆమె పైన తొడుక్కున్న పొడవాటి నల్ల అబాయా అంచు చైన్లో చిక్కుకుంది. కత్తెరతో కోసి తీశాం.